అంచు

చిన్న కప్పులు తెచ్చింది నేనే.
రాజమండ్రిలో నాలుగు దుకాణాలు తిరిగి,
నూట ఇరవై కప్పులు, మూడు స్టీలు పళ్ళేలు,
రసీదుతో సహా.
సంఘానికి కోశాధికారిని. రసీదు లేనిదే ఉప్పు కూడా కొనను.

కమిటీలో నేనన్న మాట ఒక్కటే: ఆరోగ్యం.
"అంటురోగాల రోజులండి, అందరూ ఒకే గిన్నె ఎంగిలి..."
అయ్యగారు కిటికీలోంచి కొబ్బరిచెట్లకేసి చూశారు.
చేతులెత్తమంటే అన్నీ లేచాయి,
ఆయనది కాస్త ఆలస్యంగా.

మినిట్సు పుస్తకంలో రాయనిది ఇది.
తుపానుకి కాలవ అవతలి పేటలో
వాళ్ళ గుడి కప్పు ఎగిరిపోయింది.
పదకొండు కుటుంబాలు
తడిసిన బైబిళ్ళు కొంగుల్లో చుట్టుకుని
వంతెన దాటి మా గుడికొచ్చాయి.
రండి రండి అన్నాం. చాపలు పరిచాం.
రేకులు పడేదాకా అనుకున్నాం.
రేకులు పడకముందే బల్ల ఆదివారం పడింది.

వెండి గిన్నె. దొరలనాటిది. అంచున చిన్న సొట్ట.
వరసలో నా ముందు సువార్తమ్మ.
రొయ్యల షెడ్డులో తలలు తీసి తీసి
ఐసుకి పగిలిన వేళ్ళు.
ఆ వేళ్ళలోంచి గిన్నె నా చేతికొచ్చింది.
తాగినట్టు తలెత్తాను.
తాగలేదు.

ఆ నెలలోనే రాజమండ్రి వెళ్ళాను.
తుపాను నిధిలో పద్దు రాశాను: "కప్పుల ఖర్చు".
లెక్కలు చూడ్డానికొచ్చినాయన పైకప్పులనుకున్నాడు.
నేను దిద్దలేదు.

మా తాత కరణంగారి అరుగు కింద
దోసిలి పట్టి నీళ్ళు తాగినవాడు.
చెంబు ఎంతెత్తు నుంచి వంచేవారో
చచ్చిపోయేదాకా చెయ్యెత్తి చూపించేవాడు.
ఆ ఎత్తు నాకు జానలతో సహా తెలుసు.
తెలిసే తెచ్చాను.

సువార్తమ్మ ఏమీ అడగలేదు.
ఆరాధనయ్యాక పంపు దగ్గర చతికిలబడి
నూట ఇరవై కప్పులూ కడిగేది.
ఎవరూ చెప్పలేదు. ఎవరూ వద్దనలేదు.
ఒక్కోటీ వెలుతురుకెత్తి చూసి బోర్లించేది.
ఆ చేతులు కడిగినవాటితోనే తాగేవాళ్ళం.
అప్పుడు మాత్రం ఆరోగ్యం ఎవరికీ గుర్తురాలేదు.

నాకు విశ్వాసం లేదనుకోకండి.
తెల్లారుజామున లాకుల దగ్గర
తలుపుల సందుల్లోంచి గోదారి దూకుతుంటే
ఆ హోరులో మోకాళ్ళూని
పసివాడిలా ఏడ్చిన రోజులున్నాయి.
ఆయన విన్నాడు. నాకు తెలుసు.
గట్టు దిగి ఊళ్ళోకొచ్చేసరికి
మళ్ళీ కోశాధికారినే.

మొన్న వానల్లో ఆమెకి ఊపిరి అందడం మానేసింది.
అయ్యగారు అమలాపురం సభల్లో ఉన్నారు.
ఆఖరిసారి బల్ల కావాలంటోందని కబురు.
కప్పు కోసమే బీరువా తీశాను.
చెయ్యి ఎందుకో వెనకదాకా పోయింది,
నల్లబడిన వెండి చల్లగా తగిలింది.

ఫోను వెలుతురులో
సొట్ట మీద వేలు పెట్టి గుర్తుపట్టింది.
"ఇదింకా ఉందాండి?"
రెండు గుక్కలు. గిన్నె నా వైపు చాచింది.
చూస్తోంది.

అక్కడ కమిటీ లేదు. ఎత్తాల్సిన చేతులూ లేవు.
నేనూ, ఆమే, చూరు నుంచి కారే వానా.
జేబురుమాలు తీశాను.
అంచు తుడిచాను.
తుడిచి, కాస్త పక్కకి తిప్పి,
తాగాను.

"పర్లేదండి ఓబేదుగారూ," అంది సువార్తమ్మ.
"ఈసారి తాగేరు."

శుక్రవారం పాతిపెట్టాం, కాలవ అవతలే.
తవ్విన గోతిలో నీళ్ళూరితే
పెట్టె దించేముందు బకెట్లతో తోడాం.
తోడేకొద్దీ ఊరింది.

రేపు బల్ల ఆదివారం.
పంపు దగ్గర కప్పులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.
ఎవరు కడగాలన్నది
ఈ సాయంత్రం కమిటీలో మూడో అంశం.
రాసింది నేనే.